ఇప్పుడేం చదువుతున్నావు?

ఈ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని సంపాదక మిత్రులు నన్ను అడిగారు. బి.ఎస్సీ. వాడు సైన్సే రాయాలన్న నియమం ఎక్కడా లేదు గనక, గత రెండేళ్లుగా కొత్తపేటలో మేముండే ఇంటి మిద్దె మీద నేను గమనిస్తూ వస్తున్న సంగతి ఒకటి రాస్తున్నాను. పరిశీలన, ప్రశ్న, దాని వెనక చరిత్ర ఇందులోనూ ఉన్నాయి కాబట్టి దీన్నీ ఒక రకం సైన్సు కిందే జమకట్టుకోమని మనవి.

ప్రశ్న ఇది. ఒక పుస్తకం ఒక మనిషి దగ్గర్నుంచి ఇంకో మనిషి దగ్గరికి ఎట్లా చేరుతుంది? దుకాణంలోంచి, గ్రంథాలయంలోంచి అంటారు. నిజమే. కానీ దుకాణానికి వెళ్లాలన్న బుద్ధి ముందు పుట్టాలి కదా! ఆ బుద్ధి పుట్టించేది దాదాపు ఎప్పుడూ ఇంకో మనిషి నోటి మాటే అని నా పరిశీలన. ఆ మాట ఎట్లా ఉంటే పని చేస్తుంది, ఎట్లా ఉంటే గాలికి పోతుంది అన్నదే ఈ వ్యాసం.

మా ఇల్లు విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషనుకు నడిచి పది నిమిషాలు. (పక్కనే ఉన్న విక్టోరియా మెమోరియల్ హోమ్ అనే అనాథ బాలల గృహం వల్ల ఆ స్టేషనుకు ఆ పేరు వచ్చింది. రోజూ ఎక్కి దిగేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.) మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకు మూడు గదులు, గదికి ముగ్గురు. డిగ్రీ వాళ్లం కొందరం, గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే అన్నలు కొందరు, మందుల దుకాణంలో పని చేసే తమ్ముడొకడు. కింద ఇంటివారు. ఆయన రిటైరైన తెలుగు ఉపాధ్యాయులు, అందరికీ 'సారు'. ఆదివారం సాయంత్రం నీళ్ల ట్యాంకు నీడన చాప పరుచుకొని కూర్చోవడం ఒక అలవాటుగా మొదలైంది. మొదట్లో క్రికెట్టూ, రాజకీయాలూ, ఊళ్లో వానలూ. ఒక ఆదివారం సారు కూడా పైకి వచ్చి, ఒక్కొక్కరికి ఇష్టమైన పుస్తకం చెప్పండిరా అన్నారు.

చెప్పాం. ఒకరు మహాప్రస్థానం అన్నారు. రెండో ఆయనా అదే అన్నాడు. ముగ్గురు కలాం గారి 'ఒక విజేత ఆత్మకథ' అన్నారు. "చాలా బాగుంటది సార్, అందరూ చదవాలె" అన్నారు. అంతే, పది నిమిషాల్లో ముచ్చట మళ్లీ క్రికెట్టు మీదికి పోయింది. ఆ రాత్రి ఒక్కడూ ఒక్క పుస్తకమూ తెరవలేదు.

తరువాతి ఆదివారం సారు ప్రశ్న మార్చారు. "ఇష్టమైనది ఒద్దు. ఇప్పుడేం చదువుతున్నావు, ఎన్నో పేజీలో ఉన్నావు? అది చెప్పు."

ఈ చిన్న మార్పుతో వచ్చిన తేడా చూసి నేను ఆశ్చర్యపోయాను. ఇష్టమైన పుస్తకం చెప్పమంటే మనిషి తన పరువు చూసుకుంటాడు. ఇంటర్వ్యూలో చెప్పినట్టు చెబుతాడు. చదువుతున్న పుస్తకం చెప్పమంటే పరువుకు అందులో చోటు తక్కువ. సగంలో ఉన్నవాడికి ముగింపు తెలియదు, తీర్పు చెప్పలేడు. ఎక్కడ ఆగాడో, ఏది అర్థం కాలేదో, ఎవరి మీద కోపం వచ్చిందో అదే చెబుతాడు. వినేవాడికి కావలసింది సరిగ్గా అదే! "ఏం చదువుతలేను సార్" అన్నవాడికీ ఇందులో అవమానం లేదు. వచ్చే వారం చెప్పొచ్చు.

దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చిన మిత్రుడొకడు మాతో ఉంటాడు. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. వాడు ఆ రోజు 'ఏడు తరాలు' పట్టుకొచ్చాడు. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో రాసిన 'రూట్స్'కు సహవాసి గారి తెలుగు చేత, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారి ప్రచురణ. కుంటా కింటే అనే ఆఫ్రికా కుర్రాణ్ణి పట్టి, గొలుసులు వేసి, ఓడలో అమెరికా తోలుకుపోవడం వరకు చదివాడు. కథ చెప్పి ఊరుకోలేదు. "మా తండాకు ఢాడీలొస్తరన్నా. రబాబు వాయించుకుంట మా తాతల పేర్లు వరుసబెట్టి చదువుతరు. చిన్నప్పుడు నవ్వెటోళ్లం. వీళ్లకు అట్ల చెప్పెటోళ్లుండబట్టే గదా ఈ పుస్తకమొచ్చింది" అన్నాడు. ఏ విమర్శకుడి వ్యాసం చదివినా నాకు ఆ పుస్తకం మీద అంత ఆశ పుట్టేది కాదు. వాడు పూర్తి చేసేలోపల ముగ్గురం వరుసలో నిలబడ్డాం. అట్టకు లోపలివైపు పెన్సిలుతో మా పేర్లు రాసుకున్నాం, సినిమా టికెట్టుకు క్యూ కట్టినట్టు.

సారు తమ కాలం సంగతి చెప్పారు. 1970లలో, 80లలో ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే ఉండేది కాదట. వారపత్రికలో యద్దనపూడి సీరియలో, యండమూరి సీరియలో వస్తుంటే హాస్టలంతా ఒకే పేజీలో ఉండేది. ఒక్క ప్రతి ఇరవై మంది చేతులు మారేది. 'సశేషం' అన్న మాట దగ్గర అందరూ ఒకేసారి ఆగేవారు. వారం రోజులు ఏం జరగబోతుందో అని వాదించుకునేవారు. ఆ సీరియళ్ల సాహిత్య విలువ మీద సారుకు పెద్ద గౌరవం లేదు గానీ ("కథానాయకుడికి కారు లేకపోతే కథ కదలదురా!" అంటారు), తెలుగునాట ఆడవాళ్లు, పిల్లలు, దుకాణాల్లో పని చేసేవాళ్లు అంతమంది ఒక్క జట్టుగా చదివిన కాలం మళ్లీ రాలేదని ఒప్పుకుంటారు. వీధి చివర అద్దె పుస్తకాల దుకాణంలో రోజుకు ఇంతని కట్టి తెచ్చుకునేవారు. మార్జిన్లలో ముందు చదివినవాళ్ల వ్యాఖ్యలు, వాటికి తరువాతివాళ్ల జవాబులు ఉండేవి. పుస్తకంతో పాటు దాన్ని చదివిన ఊరు కూడా చేతికి వచ్చేదన్నమాట.

ఇంకా వెనక్కి పోతే మనకు సిగ్గుపడవలసినంత గొప్ప చరిత్ర ఉంది. ఎంతోమంది మా వంటివాళ్లు కొత్తపేట నుంచి మెట్రోలో రోజూ దాటిపోయే కోఠీ దగ్గరే, అప్పటి రెసిడెన్సీ బజారులో, 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలుపెట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు వెంట నిలిచారు. అప్పట్లో నైజాములో కచేరీ భాష ఉర్దూ. తెలుగులో చదువుకున్నవాడికి ఉద్యోగమూ లేదు, మర్యాదా తక్కువే. అటువంటి రోజుల్లో తెలుగు పుస్తకాలు ఒకచోట పేర్చి, రండి చదవండి అనడమే ఒక సాహసం. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. తరువాతి కాలంలో నిజాం ప్రభుత్వం 'గస్తీ నిశాన్ 53' అన్న ఉత్తర్వుతో సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్నప్పుడు, నలుగురు కూడి మాట్లాడుకోవడానికి మిగిలిన చోట్లలో పఠన మందిరం ఒకటి. పత్రిక ఒకరు పైకి చదివితే పదిమంది వినేవారు.

సైన్సు విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది 1906లో ఇదే హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి. 1908లో మద్రాసుకు మారింది. దాని మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. చరిత్రలు, నవలలతో పాటు జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం కూడా తెలుగులో అచ్చు వేయించారు. ఈనాడు మనం ఇంగ్లీషు మీడియంలో బట్టీ పట్టే పాఠాలు నూరేళ్ల కిందటే మన తాతలకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలని ఎవరో పూనుకున్నారు. ఆ తాపత్రయం కొన్నాళ్లు నిద్రపోయినా చావలేదు. నండూరి రామమోహనరావు గారి 'విశ్వరూపం', 'నరావతారం', మహీధర నళినీమోహన్ గారి 'కేలండర్ కథ', 'గ్రహణాల కథ' చదివినవాళ్లకు ఆ సంగతి తెలుసు. చదవనివాళ్లకు తెలియకపోవడానికి కారణం, మన తరగతిలో ఎవరూ వాటి పేరెత్తకపోవడమే.

కోస్తా దిక్కు చూస్తే 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయాల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని ప్రాణం. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పడవ ప్రయాణం మెల్లగా సాగేది గనక చదువుకోవడానికి తీరిక దొరికేది. (మన బస్సుల్లో అది సాధ్యం కాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆగినప్పుడు తప్ప!)

వీళ్లందరిలోనూ నా మనసుకు దగ్గరైనవాడు మా నల్లగొండ జిల్లావాడే, వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో పేద ఇంట్లో పుట్టాడు. ఒకరింట వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు, హోటల్లో పని చేశాడు, ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టాడు. పుస్తకాలు అచ్చు వేసి దుకాణంలో కూర్చోలేదు. మోసుకొని ఇల్లిల్లూ తిరిగి, వాకిట్లో నిలబడి, ఇందులో ఏముందో చెప్పి అమ్మాడు. కూరగాయలు అమ్మినట్టు పుస్తకం అమ్మడమంటే ఏమిటో రైతు బిడ్డను గనక నాకు కొంత తెలుసు. సరుకు గురించి నాలుగు మాటలు చెప్పందే ఎవరూ గంప దించమనరు. ఆయన నవల 'ప్రజల మనిషి' మా మిద్దె మీద ఇద్దరు చదివారు. జైలుకు కూడా వెళ్లి వచ్చిన ఆ మనిషి 1961లో కన్నుమూశాడు.

ఇక మా నాయిన సంగతి. ఇది రాయడానికే ఈ వ్యాసం ఒప్పుకున్నానని చెప్పినా తప్పులేదు.

మాకు ఆరెకరాల బత్తాయి తోట. కొత్తపేట అంటే మా ఊరివాళ్లకు పండ్ల మార్కెట్టే. చిన్నప్పుడు నాయిన వెంట లారీ మీద వచ్చి, గడ్డి పరిచిన కుప్పల మధ్య నిద్రపోయాను. 2021-22లో మార్కెట్టు బాటసింగారం తరలింది. ఆ స్థలంలో 2022లో పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగింది. నాయిన ఇప్పుడు కొత్తపేటకు వస్తే నన్ను చూడటానికే. తోట కూడా మునుపటిలా లేదు. బోరులో నీళ్లు తగ్గాయి, చెట్లు కొన్ని వేరు కుళ్లి ఎండిపోతున్నాయి. మా ఊళ్లో ఇప్పటికే చాలామంది బత్తాయి పీకేసి పత్తి పెట్టారు. మనమూ తీసేద్దామా వద్దా అన్నది మా ఇంట్లో రెండేళ్లుగా తెగని మాట.

ఆ సమయంలో కోఠీ ఫుట్‌పాత్ మీద నాకు 'గడ్డిపరకతో విప్లవం' దొరికింది. జపాను రైతు మసనోబు ఫుకుఒకా రాసినది. జపనీసులో 1975లో వచ్చింది. ఈయన మొదట యొకహామాలో మొక్కల తెగుళ్లు పరీక్షించే ఉద్యోగి, అంటే మన బాపతు సైన్సు మనిషే. పాతికేళ్ల వయసులో ఉద్యోగం వదిలి ఊరికి పోయాడు. తండ్రి తోట చేతికి తీసుకున్నాడు. ఏం తోట? కమలా తోట! మన బత్తాయికి దాయాది. ప్రకృతే చూసుకుంటుందని కొమ్మల కత్తిరింపు, మందులు అన్నీ ఒక్కసారిగా ఆపేశాడు. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుబడ్డాయి, పురుగు పట్టింది, తోట ఎండిపోయింది.

నేను అక్కడిదాకా చదివి ఉన్నాను. రాత్రి ఫోనులో నాయిన "ఏం చేస్తున్నవ్ కొడుకా" అంటే, అలవాటు కొద్దీ చదువుతున్నది చెప్పాను. నాయిన ఐదో తరగతి చదివాడు. నేను ఇంతకుముందు ఎన్నో పుస్తకాల పేర్లు చెప్పినా "మంచిగ చదువుకో" అనేవాడు. ఆ రాత్రి అట్లా అనలేదు. కాసేపు మాట్లాడలేదు. "అయ్యో! మొత్తం పోయిందా? వాళ్ల నాయిన ఏమన్నడు?" అన్నాడు.

మర్నాడు తనే ఫోను చేశాడు. "ఆ జపానాయన తోట ఏమైంది?"

అట్లా పదిహేను రాత్రులు జరిగింది. నేను రోజూ కొంత చదివి కొంత చెప్పేవాణ్ణి. నాయిన మధ్యలో ఆపేవాడు, తిట్టేవాడు. "కత్తెర అలవాటు చేసిన చెట్టును ఉన్నపళంగా విడిచిపెడితే ఏమైతది? ఎండుపుల్ల తియ్యకుంటే తోట బతుకుతదా? చదువుకున్నోడు గదా, మా అసొంటోన్ని ఒక్కన్ని అడిగితే అయిపోవు!" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ, తరువాతి పేజీలలో ఫుకుఒకా చెప్పేదీ ఇంచుమించు అదే. మనిషి ఒకసారి చెయ్యి పెట్టిన చెట్టును అకస్మాత్తుగా వదిలేయడం సహజ వ్యవసాయం కాదు, గాలికి వదిలేయడం అంటాడు. మళ్లీ మొదలుపెట్టి, చెట్ల మధ్య క్లోవరు, కూరగాయలు పెంచి, దున్నకుండా, పొలంలో గడ్డి పరిచి దశాబ్దాలు పండించాడు. 1988లో రామన్ మెగసెసే బహుమతి వచ్చింది. 2008లో పోయాడు.

నాయిన అన్నీ ఒప్పుకోలేదు. ఆయన దీవిలో పడే వాన మా నల్లగొండ వానకు దాదాపు రెట్టింపు అని నేనే చెప్పాను. అది విని "గదీ సంగతి" అన్నాడు. అయినా మొన్న వానాకాలంలో రెండు వరుసలలో గడ్డి దున్నకుండా ఉంచి, చెట్ల చుట్టూ వరిగడ్డి పరిచాడు. బంక తెగులు రాకుండా మొదలుకు తగలనీయొద్దని నేను అంటే, "నువ్వు చెప్పేదాక తెలువదా" అన్నాడు. గడ్డి కింద మట్టి చెయ్యి పెడితే చల్లగా ఉంది. మిగతా వరుసలలో ఎప్పటిలాగే చేశాడు, పోల్చి చూడటానికి. ప్రయోగశాలలో మేము 'కంట్రోల్' అనేది ఇదే. ఎవరూ నేర్పలేదు. తోట నిలుస్తుందా అన్నది కాపు చూస్తే గానీ తేలదు. కానీ తోట పీకే మాట ఈ ఏడాదికి వాయిదా పడింది. పుస్తకం ఇప్పుడు మా ఇంట్లో, దేవుడి పటాల పక్కన ఉంది. అమ్మ చెప్పింది: పగలు మోటరు దగ్గర కూర్చొని, వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నాడట.

ఈ పుస్తకాన్ని నేను పూర్తిగా చదివేసి, "నాయినా, సహజ వ్యవసాయం మీద ఒక మంచి పుస్తకం ఉంది" అని చెప్పి ఉంటే? "మంచిగ చదువుకో" అని ఫోను పెట్టేసేవాడు. తోట ఎండిపోయిన పేజీ దగ్గర నేను ఆగి ఉండబట్టే ఆయనకు నిద్ర పట్టలేదు.

మా ఊళ్లో గ్రంథాలయం లేదనుకోకండి. ఉంది, తాళం వేసి. మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకం కడుతున్నాం. మన అద్దెల్లో కూడా ఆ 8 పైసలు దాగి ఉన్నాయి. అడిగేవాడు ఉంటే తలుపు తెరుచుకుంటుంది అంటారు సారు. నా అనుమానం ఏమిటంటే, లోపల ఏ పుస్తకం ఉందో ఊళ్లో ఒక్కరైనా ఇంకొకరికి చెబుతుంటే తప్ప అడిగేవాడు పుట్టడు.

చేసి చూడాలనుకునే మిత్రులకు మా అనుభవం కొంత చెబుతాను. మనిషికి ఐదు నిమిషాలు చాలు. పేజీ అంకె చెప్పి మొదలుపెట్టాలి. అర పేజీ పైకి చదివితే పది పొగడ్తల పెట్టు. పుస్తకం తెచ్చిన చోటు, వెల చెప్పాలి, ఎందుకంటే మాలో చాలామందికి అదే మొదటి ప్రశ్న. ముగింపు చెప్పినవాడు ఆ రోజు అందరికీ టీ పోయించాలి. నచ్చక మధ్యలో వదిలేసిన పుస్తకం గురించి కూడా చెప్పవచ్చు. ఒకాయన వదిలేసిన 'అసమర్థుని జీవయాత్ర'ను, "అంత చిరాకు పెట్టిందా?" అని ఇంకొకడు పట్టుకుపోయి రెండు రాత్రుల్లో ముగించాడు. కోచింగ్ మెటీరియల్ చదువుతున్నానన్నవాణ్ణి కూడా తోసిపుచ్చకూడదు. గ్రూప్స్‌కు తెలంగాణ చరిత్ర చదువుతున్న అన్న ఒకరు దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' ఆ దారినే పట్టారు. గైడులో ఒక్క వాక్యంగా ఉన్న వెట్టిచాకిరీ, నవలలో ఊరంతా అయి కనిపించిందన్నారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో తెల్లారకముందే సొంత పుస్తకాలతో వచ్చి కూర్చునే వందలమందిలో ఇటువంటివాళ్లు ఎందరు ఉన్నారో! పక్కవాణ్ణి అడగడానికి అక్కడ నిశ్శబ్దం అడ్డం. బయట టీ కొట్టు దగ్గర అడ్డం లేదు.

ఇది విద్యార్థుల సరదా అని కొట్టివేయనక్కరలేదు. అమెరికాలో మిషిగన్ దిక్కు స్థిరపడిన మనవాళ్లు కొందరు 1998లో డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్బు పెట్టుకొని, నెలకొకసారి కూడి ఒక తెలుగు పుస్తకం చదివి చర్చించుకుంటూ వచ్చారు. వాళ్లు పుస్తకం కోసం సముద్రం దాటించాలి. మనకు కొత్తపేటలో మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్ దగ్గర దిగి, 1891లో ఆసఫియా పేరుతో మొదలైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి నడిచి పోవచ్చు. ఇంకో స్టేషను పోతే కోఠీ పాత పుస్తకాలు. ఆదివారం పొద్దున అయితే ఆబిడ్స్ ఫుట్‌పాత్.

ఈ వ్యాసం రాసే వారానికి మా మిద్దె మీద లెక్క ఇదీ: సారు 'అమరావతి కథలు' మళ్లీ మొదటినుంచి, పన్నెండో కథలో. మందుల దుకాణం తమ్ముడు 'వైద్యుడు లేనిచోట', జ్వరాల అధ్యాయంలో. దుకాణానికి వచ్చేవాళ్లకు సలహాలు చెబుతున్నాడని యజమాని కోప్పడుతున్నాడట. తండా మిత్రుడు ఏడు తరాలు ముగించి, ఊరికి పోయి ఢాడీ చెప్పే పేర్లు నోటుబుక్కులో రాసుకొని వచ్చాడు. ఐదు తరాలు దొరికాయి, ఇంకా అడుగుతున్నాడు. నేను 'గ్రహణాల కథ' సగంలో ఉన్నాను. నాయిన నిన్న ఫోనులో అడిగాడు, రాహువు సంగతి అందులో ఏమని రాశారని. ఆ పేజీ ఇంకా రాలేదని చెప్పాను.